వద్దంటే ఏమవుతుంది?

రెండుసార్లు వద్దంటే మూడోసారి అడగకూడదు. ఈ మర్యాద మన చుట్టాల్లో ఎంతమందికి ఉందో చెప్పలేను గానీ, ఆండ్రాయిడ్‌కి మాత్రం ఉంది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి, ఒక యాప్ మీ కాంటాక్టులనో కెమెరానో అడిగినప్పుడు మీరు రెండుసార్లు ‘డోంట్ అలౌ’ నొక్కితే, మూడోసారి ఆ అనుమతి అడిగే పెట్టెను మీ ముందుకు తెచ్చే వీలు దానికి ఉండదు. ఐఫోన్ ఇంకా నిక్కచ్చి. చాలావాటికి ఒక్కసారి కాదంటే అంతే, మనసు మారితే మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె వడ్డించే ఇళ్లలో పెరిగిన మనకి ఇంత మర్యాద కొత్త. అందుకే కాబోలు, దాన్ని వాడుకోం. మొదటిసారి అడగ్గానే ‘అలౌ’ నొక్కేస్తాం.

తెలియక నొక్కుతున్నాం అని సర్దిచెప్పుకోవడం సులువు. నిజం కాదు. పంచాంగం యాప్‌కి మన కాంటాక్టులతో పనేమిటని ఎవరైనా అడిగితే, ‘అవును కదా, దానికెందుకు?’ అని మనమే నవ్వుతాం. తెలుసు. కానీ ఆ పెట్టె వచ్చే సమయం చూడండి. ఆకలేసి బిర్యానీ ఆర్డరు పెట్టబోతుంటే వస్తుంది. వానలో తడుస్తూ క్యాబ్ కోసం చూస్తుంటే వస్తుంది. పార్కింగ్ గేటు దగ్గర వెనకాల నాలుగు కార్లు హారన్ కొడుతుంటే వస్తుంది. మనకీ మనకు కావలసినదానికీ మధ్య నిలబడి అడుగుతుంది. అప్పుడు ఎవరూ చదవరు, పక్కకి నెట్టేస్తారు. నెట్టే బొత్తాం పేరే ‘అలౌ’.

కాబట్టి అవసరం నెత్తిమీదికి వచ్చాక కొత్త యాప్ ఎక్కించుకోకండి. ఎల్లుండి ఊరెళ్తున్నారా? టికెట్ల యాప్ ఇవాళ రాత్రి భోంచేశాక వేసుకోండి. కడుపు నిండిన మనిషి ప్రశ్నలు బాగా అడుగుతాడు.

తొందర కన్నా లోతుగా ఉన్నది మొహమాటం. ‘ఇంత మంచి యాప్ ఊరికే ఇస్తున్నారు, ఆ కాస్త అడిగితే కాదంటామా’ అన్న భావం. చిట్టీలో చేరమని పక్కింటావిడ అడిగినప్పుడు, బ్యాంకు అప్పుకి షూరిటీ సంతకం పెట్టమని స్నేహితుడు అడిగినప్పుడు, నోటిదాకా వచ్చిన ‘వద్దు’ని మింగేసే అలవాటే మన వేలి కొసకి కూడా పాకింది. మనుషుల దగ్గరైతే ఆ మింగడానికి ఒక లెక్క ఉంది. ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు, రేపు ఏదో పెళ్లిలో కనబడితే పలకరింపు పొడిపొడిగా ఉంటుంది. యాప్‌తో ఆ భయం లేదు. అలగదు. మీ గురించి మీ అత్తగారితో చెప్పదు. కాదనడం చేతకాదు అని బాధపడేవాళ్లకి నేనిచ్చే సలహా ఒకటే: ఫోన్‌తో మొదలుపెట్టండి. వద్దన్నందువల్ల మిన్ను విరిగి మీద పడదని ముందు వేలికి తెలియనివ్వండి, నాలుకకి మెల్లిగా తెలుస్తుంది.

యాప్ అలగదు అన్నాను గానీ, అలిగినట్టు నటించేవి లేకపోలేదు. ‘వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవాలని లేదు’ అని రాసిన బొత్తాన్ని నొక్కితే తప్ప మిమ్మల్ని కదలనివ్వనివి చూసే ఉంటారు. సిగ్గుపడేలా చేసి ఒప్పించడం అన్నమాట. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి ఎత్తుగడలను 13 రకాలుగా విడగొట్టి నిషేధించింది. వాటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు. సిగ్గుపరచడం అందులో ఒకటి, పదేపదే విసిగించడం ఇంకొకటి. ఒక వస్తువో సేవో కావాలంటే నీ కాంటాక్టుల వివరాలు ఇవ్వాల్సిందే అని బలవంతం చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. ‘వద్దు’ అనలేని మన బలహీనత మీద ఎంత వ్యాపారం నడుస్తోందో ఆ జాబితా చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు పద్ధతి. ముందు వద్దనండి, ఏమవుతుందో చూడండి. ఇంతే. దీని వెనక బలమైన కారణం ఉంది: ‘వద్దు’ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ‘సరే’ని తీసుకోలేం. రేపు అనుమతి తీసేస్తే రేపటి నుంచి తీసుకోవడం ఆగుతుంది గానీ, ఇవాళే వేరే చోటికి వెళ్లిపోయిన మీ 600 ఫోన్ నంబర్లు తిరిగి రావు. క్యాబ్ యాప్‌కి లొకేషన్ వద్దంటే ఏమవుతుంది? ఎక్కే చోటు మీరే టైపు చేస్తారు, అంతే. పేమెంట్ యాప్‌కి కాంటాక్టులు వద్దంటే కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులు కట్టడం ఆగుతుందా? ఆగదు. ఫొటోలు ఎడిట్ చేసే యాప్‌కి మైకు వద్దంటే? ఏమీ కాదు. పది యాప్‌ల మీద ఇలా చేసి చూడండి. చాలావాటిలో ఏమీ కాకపోవడం చూసి కాస్త కోపం కూడా వస్తుంది. రానివ్వండి, మంచిదే.

అలాగని అడిగిందల్లా దొంగ అడుగుడు కాదు. అనుమానం కూడా ఒక సోమరితనమే, ఆలోచించే పని తప్పిస్తుంది. యూపీఐ యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతుందంటే, ఈ నంబరున్న సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసుకోవడానికి మీ ఫోన్ నుంచి ఒక సందేశం పంపాలి. స్మార్ట్‌వాచ్ కొని పాత ఫోన్‌కి కలపబోతే లొకేషన్ అడుగుతుంది. ఇదేమిటని కంగారు పడతాం. ఆండ్రాయిడ్ 12 రాకముందు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకడానికి కూడా లొకేషన్ అనుమతే కావాల్సి వచ్చేది. 2021లో దాన్ని విడదీసి ‘దగ్గర్లోని పరికరాలు’ అనే వేరే అనుమతి పెట్టారు. కారణం ఉన్న ప్రశ్నకి సరే అనండి. కారణం చెప్పలేని ప్రశ్నకే మన అభ్యాసం.

సరే అన్నా, ఎంతసేపు అన్నది మిగిలే ఉంటుంది. మనుషుల్లో కూడా చాలామందికి ఇది తట్టదు. ఒకసారి స్కూటర్ అరువిస్తే అది ఎప్పటికీ ఇచ్చినట్టే అనుకుంటాం. ఫోన్ మనకి ఆ గొడవ లేకుండా చేసింది. ‘ఈసారి మాత్రమే’, ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న రెండు మెట్లు ఇచ్చింది. ఇవి ఊరికే రాలేదు. 2016 చివర్లో ఉబర్ తన ఐఫోన్ యాప్‌ను మార్చింది. లొకేషన్ ఎప్పుడూ ఇవ్వాలి, లేదా అసలు ఇవ్వకూడదు, మధ్యేమార్గం లేదు. ఇచ్చినవాళ్లను కారు దిగాక కూడా 5 నిమిషాల వరకు గమనిస్తామని చెప్పింది. జనం గోల చేశారు. 2017 ఆగస్టులో ఆ పద్ధతి మానుకుంది. ఆ సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 11తో ఆపిల్ ఏ యాప్ అయినా సరే ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే వీలు ఇచ్చి తీరాల్సిందే అంది. ఆండ్రాయిడ్‌లోకి అది 2019లో వచ్చింది. ‘ఎప్పుడూ’ అన్న మాట కనబడ్డ చోట ఆగండి. ఎప్పుడూ ఇవ్వదగ్గవి జీవితంలో చాలా తక్కువ.

ఇంత జాగ్రత్త ఎందుకని ఇంకా అనిపిస్తే టార్చిలైటు కథ వినండి. బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అని ఒక ఉచిత యాప్ ఉండేది. ప్రపంచమంతా కోట్లలో దించుకున్నారు. అది మనుషులు ఎక్కడున్నారన్న వివరాన్ని, ఫోన్ గుర్తింపు సంఖ్యతో సహా, ప్రకటనల సంస్థలకు పంపుతోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో కేసు పెట్టింది. అందులో నన్ను నివ్వెరపరచిన సంగతి ఒకటుంది. మొదటిసారి తెరిచినప్పుడు నిబంధనలు చూపించి ‘ఒప్పుకుంటున్నాను’, ‘ఒప్పుకోను’ అని రెండు బొత్తాలు పెట్టారు. మీరు ఏదీ నొక్కకముందే వివరాలు వెళ్లిపోవడం మొదలయ్యేది. అప్పటి ఆండ్రాయిడ్‌లో యాప్ ఎక్కించేటప్పుడే అనుమతులన్నీ ఒక్క మూటగా తీసుకునేవారు. ఒకటి ఇచ్చి ఒకటి ఆపే వీలు 2015లో ఆండ్రాయిడ్ 6తో గానీ రాలేదు. అప్పటివాళ్లకి లేని స్వేచ్ఛ మీ వేలి కింద ఉంది.

ఇక అసలు సంగతి. కాంటాక్టులు.

మన ఫోన్‌బుక్ ఒక్కసారి తీసి బయటివాడి కళ్లతో చదవండి. ‘అమ్మ’, ‘నాన్న’, ‘చిన్న మేనత్త’, ‘వియ్యపురాలు గారు’, ‘పాప క్లాస్ టీచర్’, ‘హెచ్ఆర్ మేడమ్’, ‘షుగర్ డాక్టర్’, ‘వడ్డీ రాజుగారు’. మనం పేర్లు రాసుకోం, బంధాలు రాసుకుంటాం. ఎవరి మాట మీకు శిలాశాసనమో, ఎవరి ముందు తల దించుకుంటే బతకలేరో, మీకు ఏ జబ్బుందో, ఎక్కడ అప్పుందో అన్నీ అందులో ఉన్నాయి. కొందరు ఏటీఎం పిన్ కూడా ఒక దొంగ పేరు పెట్టి అక్కడే దాస్తారు. తెలివైన పని అనుకుంటారు.

2020లో లాక్‌డౌన్ దెబ్బకి చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, నిమిషాల్లో అప్పు అంటూ ఫోన్‌లోకి వచ్చిన యాప్‌లకు కావలసింది సరిగ్గా ఇదే. తాకట్టు అడగలేదు, షూరిటీ అడగలేదు. కాంటాక్టులు, గ్యాలరీ అడిగాయి. అదే తాకట్టని అప్పు తీసుకున్నవాళ్లకి తెలియలేదు. కొద్ది రోజుల గడువు దాటగానే ఫోన్లు మొదలయ్యాయి, వాళ్లకి కాదు, వాళ్ల బావమరిదికి, మేనేజరుకి, ఆడపడుచుకి. మార్ఫింగ్ చేసిన ఫొటోలు తెలిసినవాళ్లందరికీ వెళ్లాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. రిజర్వు బ్యాంకు వేసిన కార్యబృందం 2021 నవంబరులో ఇచ్చిన నివేదికలో, దేశంలో దొరుకుతున్న దాదాపు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అప్పుల యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ లాగ్స్ ముట్టుకోకూడదని ఆదేశించింది. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి ఖాతా తెరిచేందుకు, కేవైసీకి ఒక్కసారికే, అదీ అడిగి. గూగుల్ ప్లే కూడా 2023 మే 31 నుంచి వ్యక్తిగత అప్పుల యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు ఇవ్వడం ఆపేసింది. ఇవాళ ఏ అప్పు యాప్ అయినా మీ కాంటాక్టులు అడిగిందంటే, అది తన సంగతి తానే చెప్పుకున్నట్టు. తీసేయండి.

ఇందులో మనిషి ఎదుగుదలకి సంబంధించిన ముక్క ఒకటుంది, చాలామంది దాటేస్తారు. ఆ మేనేజరు ఏ బొత్తామూ నొక్కలేదు. ఆ ఆడపడుచు ఏ యాప్‌కీ సరే అనలేదు. ఫోన్‌బుక్‌కి మీరు ‘అలౌ’ నొక్కితే అందులో ఉన్న ప్రతి ఒక్కరి తరఫునా సంతకం పెట్టినట్టే. వాళ్లు నంబరు మీకు ఇచ్చారు, మీ ఆటల యాప్‌కి ఇవ్వలేదు. మాట కడుపులో దాచుకునే మనిషని పేరు తెచ్చుకోవాలని అందరికీ ఉంటుంది. ఈ కాలంలో ఆ పేరు మీ నోటితోపాటు మీ వేలి మీద కూడా ఆధారపడి ఉంది. ఐఫోన్‌లో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి కొన్ని పేర్లే ఎంచి ఇవ్వవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇస్తే మొత్తం, లేకపోతే లేదు. కాబట్టి ఆండ్రాయిడ్‌వాళ్లు ఇంకాస్త గట్టిగా ఉండాలి. ఫొటోలకి మాత్రం రెండు చోట్లా ఎంచి ఇచ్చే వీలుంది. గ్యాలరీలో ఆధార్, పాన్, పట్టాదారు పాస్‌బుక్కు ఫొటోలు తీసి పెట్టుకునేవాళ్లు ఆ వీలు తప్పక వాడండి.

మన చట్టం కూడా సరిగ్గా ఈ ఉదాహరణే ఎంచుకుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఒక చిన్న కథ ఉంది. ఒకామె ఫోన్లోనే డాక్టరుకి చూపించుకునే యాప్ వేసుకుంటుంది. వైద్యానికి కావలసిన వివరాలతోపాటు అది కాంటాక్టులు కూడా అడుగుతుంది. ఆమె రెండింటికీ సరే అంటుంది. చట్టం ఏమంటుందంటే, వైద్యానికి కాంటాక్టులతో పని లేదు కాబట్టి ఆమె సమ్మతి వైద్యం వరకే. అంటే మొహమాటంతో మనం ఎక్కువ ఇచ్చినా, అంత తీసుకునే హక్కు వాళ్లకి లేదు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలంటుంది. ఆ సమ్మతి పత్రాన్ని తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. చట్టం పూర్తిగా అమలయ్యేదాకా వేలు ఖాళీగా ఉంచాల్సిన పని లేదు.

ఈ చట్టానికి వెనక ఒక పెద్దాయన పట్టుదల ఉంది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి ఎప్పుడో రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 86. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. ‘ఈ వయసులో ఇవన్నీ నాకెందుకు’ అని ఫోన్ మనవడి చేతికిచ్చే పెద్దవాళ్లకి ఆయన సంగతి చెప్పండి.

ఒక్కడి ‘వద్దు’తో ఏమవుతుంది అనే నిరాశ కూడా వద్దు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఓఎస్ 14.5తో ఒక పెట్టె తెచ్చింది. ఈ యాప్ మిమ్మల్ని వేరే యాప్‌లలో, వెబ్‌సైట్లలో కూడా గమనించవచ్చా అని సూటిగా అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు, జరిగిపోయేది. అడిగేసరికి చాలామంది వద్దన్నారు. ఆ మార్పుల దెబ్బకి 2022లో తమకి సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గవచ్చని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఫైనాన్స్ అధికారి స్వయంగా చెప్పారు. చట్టం కాదు, ధర్నా కాదు. మనుషులు తమ ఇళ్లలో కూర్చుని ఒక్క వేలితో చేసిన పని.

ఆలోచించకుండా, చర్చ లేకుండా వద్దనాల్సిన చోటు కూడా ఒకటుంది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైలు, అంటే యాప్‌ని ఎక్కించే ఫైలు, వస్తుంది. నిజమైన శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయాల్సిన పని ఉండదు. ఆ ఏపీకే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే మీ ఓటీపీలు అడుగుతున్నట్టు. ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడిగితే ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్లకి తెర మీది మాటలు చదివి వినిపించేందుకు పెట్టిన ఏర్పాటు అది. తెర మీద కనబడేదంతా చూసి, మీ బదులు బొత్తాలు నొక్కే శక్తి దానికుంటుంది. పంపినవాడు సొంత మేనమామ అయినా తెరవకండి, ఆయన ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన క్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని తెల్లారేదాకా ఆగేవాళ్లున్నారు, డబ్బు ఖాతాలు మారిపోయేది ఆ రాత్రే.

మరి ఇప్పటికే ఇచ్చేసినవి? ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట ‘పర్మిషన్ మేనేజర్’ అని టైపు చేయండి. కాంటాక్టులు నొక్కితే ఎవరెవరికి ఇచ్చారో వరసగా కనబడుతుంది. ఎప్పుడు ఎక్కించారో గుర్తులేని యాప్‌లు రెండు మూడు, చుట్టాల్లా అక్కడే తిష్ఠ వేసి ఉంటాయి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డ్’ అనేది మైకు, కెమెరా, లొకేషన్‌ని ఏ యాప్ ఎన్నింటికి వాడుకుందో గంటలతో చెబుతుంది. కెమెరా, మైకు వాడుకలో ఉంటే తెర పైమూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఐఫోన్‌లో మైకు ఒక్కటే అయితే నారింజ రంగు. మీరు మాట్లాడకుండానే చుక్క వెలిగితే ఎవరు వింటున్నారో అప్పుడే చూడండి.

ఇంత నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఏం చేస్తున్నారన్నది చివరి ప్రశ్న, కొంచెం ఇబ్బంది పెట్టే ప్రశ్న. యాప్‌కి వద్దని చెప్పే మనిషే, భార్య ఫోన్ లాక్ నంబరు తనకి తెలియాల్సిందే అంటాడు. ఇంటర్ చదివే కొడుకు వాట్సాప్ ముందు గదిలో అందరూ వినేలా చదువుతాడు. అమెరికాలో ఉన్న కొడుకులు, కూతుళ్లు సెలవుల్లో వచ్చి, అమ్మానాన్నల ఫోన్లలో లొకేషన్ షేరింగ్ పెట్టి వెళ్లిపోతారు. ప్రేమే, కాదనను. కానీ అడిగారా? అడిగి, వాళ్లు వద్దంటే ఊరుకోగలరా? ఒకసారి అడిగి చూడండి. ‘నువ్వెక్కడున్నావో నాకు తెలిసేలా పెట్టనా అమ్మా?’ అంటే, ‘ఇంటికీ గుడికీ తప్ప నేనెక్కడికి పోతానురా, వద్దులే’ అనవచ్చు. కాసేపాగి, ‘చెకప్‌కి హైదరాబాద్ వెళ్లే రోజు మాత్రం పెట్టు’ అని ఆమే బేరం పెట్టవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో గంటలు లెక్కపెట్టి లొకేషన్ పంచుకునే వీలుంది. ఆమె ఎన్ని గంటలంటే అన్ని గంటలు పెట్టండి. ఆపేయాలంటే ఎక్కడ నొక్కాలో కూడా చూపించి, ఆ బొత్తాం ఆమెతోనే రెండుసార్లు నొక్కించండి.